పాదం మాట

బూట్ల దుకాణంలో అందరి మాటా చెల్లుతుంది, పాదం మాట తప్ప. ధర సంగతి జేబు చూసుకుంటుంది, రంగు సంగతి కన్ను చూసుకుంటుంది, ఏ కంపెనీ మంచిదో స్నేహితులు చెబుతారు. చిటికెనవేలు నలిగిపోతోందని పాదం మొత్తుకుంటే మాత్రం, "కొత్తవి కదా సార్, నాలుగు రోజులు వేసుకుంటే అవే సాగుతాయి" అన్న జవాబు వస్తుంది. ఇప్పటి పరుగు బూట్లు తోలు చెప్పుల్లా సాగేవి కావు. పైన గుడ్డ కాస్త వదులైనా కింద అడుగు వెడల్పు పెరగదు. మొదటి రోజు కరిచిన బూటు నెల తర్వాత కూడా కరుస్తూనే ఉంటుంది.

నా పాదం ముందు భాగం వెడల్పు, మడమ సన్నం, పైన ఎత్తు. మా నాన్నదీ అచ్చంగా ఇదే పాదం. అయినా చెప్పు కరిచిందని ఆయన అనగా నేనెప్పుడూ వినలేదు. ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన ముందు కాగితం పరిచి, దాని మీద పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసుకునేవాడు. రెండు కాళ్లకీ విడివిడిగా గీసేవాడు. ఆ తర్వాతే తోలు మీద కత్తి పెట్టేవాడు. పాదం ముందు, చెప్పు తర్వాత. ఈ వరుస తిరగబడి, తయారైన బూటులోకి పాదాన్ని దూర్చడం మొదలయ్యాకే మాలాంటి వాళ్లకు కష్టాలు వచ్చాయి.

సైబరాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ నేల మీద లక్షల మందికి కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలు దొరికాయి. వాటితో పాటే నడుము నొప్పీ, షుగరూ, బీపీ వచ్చాయి. డాక్టరు "రోజూ నడవండి" అనగానే పెట్టే మొదటి ఖర్చు బూట్ల మీదే. తెల్లవారుజామున దుర్గం చెరువు గట్టు మీద, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో, గచ్చిబౌలి స్టేడియం చుట్టూ చూడండి. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల నుంచి అరవై దాటిన అమ్మమ్మల దాకా నడుస్తూనో, పరుగెడుతూనో కనిపిస్తారు. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ సంఘం ఈ నగరానికి పరుగును అలవాటు చేసింది. ఏటా ఆగస్టులో జరిగే మారథాన్ నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజాలో మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, జూబ్లీహిల్స్ దాటి, కేబుల్ బ్రిడ్జి మీదుగా ఐటీ కారిడార్‌లోకి వచ్చి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. చదునుగా ఉండే దారి కాదు. 42.195 కిలోమీటర్ల పొడవునా ఎత్తుపల్లాలే. పాదానికి సరిపడని బూటు ఏంచేస్తుందో ఆ పల్లంలో తెలుస్తుంది.

అసలు డబ్బా మీద నంబరు ఏం చెబుతుంది? పొడవు మాత్రమే. మన దగ్గర చెల్లుబాటయ్యే బ్రిటిష్ కొలతలో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. వేళ్ల దగ్గర వెడల్పు ఎంత, పాదం పైన ఎత్తు ఎంత, మడమ ఎంత సన్నం అన్నవి ఆ నంబరులో ఉండవు. అమెరికా పద్ధతిలో వెడల్పుకు అక్షరాలున్నాయి. పురుషులకు మామూలు వెడల్పు డి, మహిళలకు బి. పురుషుల బూట్లలో డి కంటే వెడల్పైనది 2ఈ, ఇంకా వెడల్పైతే 4ఈ. న్యూ బ్యాలెన్స్, ఆసిక్స్, బ్రూక్స్ లాంటి కంపెనీలు చాలా రకాలను ఈ వెడల్పుల్లో కూడా తయారుచేస్తాయి. అమెరికాలో చార్లెస్ బ్రానక్ అనే ఆయన 1920లలోనే పాదం పొడవునూ, వెడల్పునూ, మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా ఉండే దూరాన్నీ ఒకేసారి కొలిచే లోహపు పలక తయారుచేశాడు. ఆ మూడో కొలత చాలా ముఖ్యం. పాదం వంగే చోటా, బూటు వంగే చోటా ఒకటి కావాలంటే అదే ఆధారం. మన మాల్స్‌లో మాత్రం నేను తిరిగిన చోటల్లా నంబరే అడిగారు, వెడల్పు అడిగినవాళ్లు అరుదు.

వెడల్పు చాలకపోతే దుకాణంలో దొరికే సలహా ఒక్కటే: "ఒక నంబరు పెంచి చూడండి." వేళ్లకు జాగా దొరుకుతుంది నిజమే. కానీ పొడవు కూడా పెరుగుతుంది. బూటు వంగే చోటు పాదం వంగే చోటు కంటే ముందుకు జరుగుతుంది. మడమ లోపల ఎగిరెగిరి పడుతుంది. పల్లంలో దిగేటప్పుడు పాదం మొత్తం ముందుకు జారి వేళ్లు బూటు గోడకు కొట్టుకుంటాయి. గోళ్లు నల్లబడతాయి, బొబ్బలు లేస్తాయి, ఆనెలు కడతాయి. పరుగు తనకు పడదనుకుని చాలామంది అక్కడితో మానేస్తారు. పడనిది పరుగు కాదు, బూటు.

మన పాదాలే ఎందుకు ఇలా ఇమడవు? దీనికి సమాధానం వెతికిన సంస్థతో మన తెలుగువాళ్లకు దగ్గరి బంధం ఉంది. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరుగా పనిచేసి ప్రపంచంలో పేరు తెచ్చారు. ప్రయోగశాలలో తేలిన సంగతి పల్లెలోని చర్మకారుడి ఇంటిదాకా చేరాలని నమ్మిన మనిషి ఆయన. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ను పోగొట్టుకున్నాం. ఆయన నడిపిన ఆ సంస్థే 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. సగటు భారతీయుల పాదం యూరప్, అమెరికా వాళ్ల పాదం కంటే వెడల్పని అందులో తేలింది. ఆ కొలతల ఆధారంగా 'భా' అన్న పేరుతో మన దేశానికి సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. పసిపిల్లల నుంచి పెద్దల దాకా ఎనిమిది వర్గాలు. నాకు ఆ వార్త చదివినప్పుడు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. ఇన్నాళ్లూ నా పాదానిదే వంకర అనుకున్నవాళ్లకు లక్ష పాదాలు సాక్ష్యం చెప్పాయి.

చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లలో వేళ్లు విచ్చుకుంటాయి. దాన్ని మోటుతనంగా చూసే అలవాటు పట్నాల్లో ఉంది. 1992లో రావు, జోసెఫ్ అనే ఇద్దరు వైద్యులు మన దేశంలో 4 నుంచి 13 ఏళ్ల వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. చెప్పులూ బూట్లూ వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వేసుకోని పిల్లల్లో 2.8 శాతం మందికే ఉన్నాయి. అందులోనూ ముందు మూసుకుపోయిన బూట్లు వేసుకునేవాళ్లలోనే ఎక్కువ. వెడల్పుగా విచ్చుకున్న పాదం రోగం కాదు, ఆరోగ్యంగా ఎదిగిన పాదమే.

ఇక పాదం సంగతి లోకమంతా చెప్పుకునేలా చేసిన క్రీడాకారిణి స్వప్న బర్మన్. బెంగాల్‌లోని జల్పాయిగుడి అమ్మాయి. రెండు పాదాలకూ ఆరేసి వేళ్లు. రెండు రోజుల్లో ఏడు పోటీలు ఆడే హెప్టాథ్లాన్ ఆమెది. మామూలు బూట్లలో ఇరుక్కుని, నొప్పి భరిస్తూనే ఆమె 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 6,026 పాయింట్లతో బంగారు పతకం గెలిచింది. ఈ పోటీలో భారతదేశానికి అదే మొదటి ఆసియా క్రీడల స్వర్ణం. గెలిచాక ఆమె తన పాదాలకు సరిపోయే బూట్లు కావాలని అడిగింది. ఆ తర్వాతే అడిడాస్ కంపెనీ ఆమె పాదాలు కొలిచి బూట్లు చేసిచ్చింది. 2023 హాంగ్‌ఝౌ క్రీడల్లో అదే పోటీలో మన తెలంగాణ అమ్మాయి నందిని అగసర కాంస్యం గెలిచింది. ఆమె బాటలో రేపు వచ్చే అమ్మాయిలు గురుకుల పాఠశాలల్లో, పల్లె మైదానాల్లో ఈపాటికే పరుగెడుతూ ఉంటారు. వాళ్లలో ఎవరి పాదమైనా మామూలు బూటులో ఇమడకపోతే, పతకం వచ్చేదాకా ఆ పిల్ల నొప్పి ఓర్చుకోవాలా? బూటు పతకానికి బహుమానం కాదు. పతకానికి ముందే అందాల్సిన పనిముట్టు.

మన దగ్గర సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. అడిడాస్ బూట్లు తయారుచేసే అపాచీ కర్మాగారం తడ దగ్గర మాంబట్టులో ఉంది. అక్కడ మెషీన్ల ముందు కూర్చునేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. ప్రపంచం వేసుకునే బూట్లు మన పిల్లల చేతుల మీదుగా వెళుతున్నాయి. ఇక పాదరక్షల రూపకల్పన నేర్పే జాతీయ సంస్థ ఎఫ్‌డీడీఐకి మన రాయదుర్గంలోనే క్యాంపస్ ఉంది. 2017 చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. ఐటీ కంపెనీల అద్దాల మేడలకు కూతవేటు దూరంలో, పాదాన్ని కొలిచి దానికి తగ్గ అచ్చు ఎలా పోయాలో పిల్లలకు నేర్పుతున్నారు. ఇంత దగ్గర విద్య ఉండి, పక్క మాల్‌లో కొలిచే పలక లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

షుగరు ఉన్నవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. నరాలు మొద్దుబారిన పాదానికి బూటు కరిచినా తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. ఇలాంటి పాదాల కోసం మన దక్షిణాదిలో గొప్ప పని జరిగింది. గత శతాబ్దం మధ్యలో వెల్లూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాల్లో పుండ్లు ఎందుకు పడుతున్నాయో గమనించారు. స్పర్శ లేని చోట ఒత్తిడి పడటమే కారణమని గుర్తించి, మెత్తని రబ్బరు పొరతో చెప్పులు చేయించారు. ఇవాళ ఎమ్‌సీఆర్ చెప్పులంటూ మన మందుల దుకాణాల్లోనూ దొరికేవి ఆ పని నుంచి వచ్చినవే. స్పర్శ తగ్గిన వాళ్లు కొత్త బూట్లు కొనే ముందు డాక్టరుకు పాదం చూపించాలి. వేసుకున్న మొదటి రోజుల్లో గంటకోసారి విప్పి ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసుకోవాలి.

మిగిలినవాళ్లు చేయగలిగింది కూడా చాలా ఉంది. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి బూట్లు సాయంత్రమే కొనాలి. పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సుతోనే వెళ్లాలి. రెండు పాదాలూ కొలవాలి. ఏది పెద్దదైతే దానికి తగ్గ నంబరు తీసుకోవాలి. రెండో పాదానికి వదులైతే లోపల పల్చని పొర వేసుకోవచ్చు. అన్నిటికంటే పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పు జాగా ఉండాలి. కొందరికి ఆ పొడుగు వేలు రెండోది. బూటు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పరిచి దాని మీద నిలబడండి. పాదం అంచులు దాటి బయటికొస్తే, ఆ బూటు ఎంత ఖరీదైనదైనా మీది కాదు. పాదం పైన ఎత్తుంటే నొక్కే చోట లేసును అడ్డంగా దాటించకుండా పక్కనే పైకి తీసుకెళ్లాలి. మడమ జారుతుంటే చివరి అదనపు రంధ్రంలో లేసుతో ఉచ్చు వేసి బిగించాలి. వెడల్పు పాదాలున్న మహిళలు పురుషుల విభాగంలోని చిన్న నంబర్లు కూడా వేసి చూడాలి. అక్కడ మామూలు వెడల్పే ఎక్కువ. కొండాపూర్ కోర్టుల్లో బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు పరుగు బూట్లతో దిగకూడదు. వాటి ఎత్తైన మెత్తని అడుగు పక్కకు దూకినప్పుడు ఒరిగి చీలమండ మెలిపడుతుంది.

కొన్నిచోట్ల ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి అరికాలి వంపును బట్టి బూటు సూచిస్తారు. అమెరికా సైన్యంలో శిక్షణకు వచ్చినవాళ్లకు ఇలాగే వంపును బట్టి బూట్లిచ్చి పరీక్షించారు. అందరికీ ఒకే రకం ఇచ్చినప్పటి కంటే గాయాలు తగ్గలేదు. వేసుకుని అటూ ఇటూ నడిచి, మెట్లు ఎక్కి దిగి, కాసేపు పరుగెత్తి చూసినప్పుడు పాదం హాయిగా ఉందా లేదా అన్నదే నమ్మదగిన పరీక్ష.

దుకాణదారులకు ఒక్క మనవి. వెడల్పు కొలిచే పలక ఒకటి పెట్టండి, నంబరు పక్కన వెడల్పు కూడా రాయండి. ఏటా ఉద్యోగుల చేత పరుగులు పెట్టించే కంపెనీలకు ఇంకో మనవి. పరుగుకు నెల ముందు ఎఫ్‌డీడీఐ విద్యార్థులను పిలిచి అందరి పాదాలూ కొలిపించండి. టీషర్టు కంటే ఆ కొలతల కాగితం ఎక్కువ కాలం పనికొస్తుంది. పాఠకులకు చెప్పేది మరీ చిన్నది. దుకాణంలో నంబరుతో పాటు వెడల్పు అడగండి. లేదంటే ఇంకో దుకాణంలో అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే తెప్పించేవాళ్లు పెరుగుతారు. అందాకా, కరిచే బూటును అక్కడే వదిలేసి రండి.