గొర్రెలకు విడిచిన బాట

దక్షిణ ఇటలీ కొండల్లో గొర్రెల కోసం కొలిచి విడిచిపెట్టిన బాటలున్నాయి. పెద్ద బాట వెడల్పు 111 మీటర్లు. ఒకప్పటి నేపుల్స్ రాజ్యపు కొలతలో అరవై అంగలు. రాళ్లు పరచలేదు, గట్లు పోయలేదు. కొండ మీదుగా లోయలోకి, లోయలోంచి ఏటి దాకా, ఏరు దాటి మళ్లీ కొండ మీదికి సాగిపోయే పచ్చిక, అంతే. అక్కడివాళ్లు దాన్ని త్రత్తూరో అంటారు. అబ్రుజ్జో కొండల నుంచి మోలీసే మీదుగా పూలియా మైదానం దాకా ఇలాంటి బాటలు, వాటి పాయలు అన్నీ కలిపి ఒకప్పుడు మూడు వేల కిలోమీటర్ల వరకు ఉండేవని అంచనా. లాక్విలా నుంచి ఫోజ్జాకు వెళ్లేది అన్నిటికన్నా పొడవు, 244 కిలోమీటర్లు. పెస్కాసెరోలి నుంచి కందేలాకు వెళ్లేది 211. ఇటలీ వెళ్లిన మనవాళ్లు రోము, ఫ్లోరెన్స్, వెనిస్ చూసి తిరిగొస్తారు. అవి చూడవలసినవే. ఆ దేశపు పల్లెసీమను కూడా తెలుసుకోవాలనుకునే వాళ్లకు మాత్రం నేను ముందుగా చెప్పేది ఈ పచ్చిక గురించే.

బాటలు పుట్టడానికి కారణం రుతువులు. అపెన్నైన్ కొండల మీద చలికాలమంతా మంచు. గొర్రెకు గడ్డిపరక దొరకదు. పూలియాలోని తవోలియెరే మైదానం వేసవిలో ఎండిపోతుంది, చలికాలంలో పచ్చబడుతుంది. అందుకని మందలు శరత్తులో దిగేవి, వసంతం ముదిరాక ఎక్కేవి. సెప్టెంబరు 29న ఒకటి, మే 8న ఒకటి మిఖాయేలు దేవదూత పండుగలు వస్తాయి. కాపరుల ఏడాది ఆ రెండు పండుగల మధ్యే తిరిగేది. దారి చివర గర్గానో కొండ మీద, మొంతే సంతాంజెలోలో, గుహలో వెలసిన ఆ దేవదూత గుడి ఇప్పటికీ ఉంది. మెట్లు దిగి రాతి కడుపులోకి వెళ్లాలి. నెలల తరబడి ఆరుబయట పడుకునే మనుషులు కొండ గుహలోని దేవదూతను నమ్ముకోవడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

1447లో అరగాన్ వంశపు రాజు అల్ఫోన్సో ఈ రాకపోకలకు ఒక పద్ధతి పెట్టాడు. గొర్రెల సుంకం కోసం ఒక కచేరీ ఏర్పరిచాడు. తర్వాతి శతాబ్దాల్లో అది ఫోజ్జా నుంచి నడిచింది. మైదానంలో మేపుకునే మందకు పుల్లరి కట్టాలి. కట్టినవాడికి మేత దొరుకుతుంది, దారికి రక్షణ ఉంటుంది, తగాదా వస్తే విచారించడానికి ఆ కచేరీకే సొంత న్యాయస్థానం ఉంటుంది. రాజుకు గొర్రెల మీద జాలి ఉండి చేసిన పని కాదది. ఖజానాకు ఆదాయం కావాలి. అయినా ఆ లెక్కలోంచి ఒక మంచి పుట్టింది. బాటను ఎవరూ దున్నకూడదు, బాట మీద ఎవరూ ఇల్లు కట్టకూడదు. ఇది రాచబాట అని తెలిపే అక్షరాలు చెక్కిన హద్దురాళ్లు పాతించారు. వాటిలో కొన్ని ఇంకా గడ్డిలో నిలబడే ఉన్నాయి. 1806లో ఫ్రెంచి పాలన వచ్చి ఆ కచేరీని రద్దు చేసేదాకా, మూడున్నర శతాబ్దాల పాటు, సారవంతమైన నేల మధ్యలోంచి అంత వెడల్పు స్థలం నోరులేని జీవాల పేరున ఖాళీగా ఉంది.

రాజుల కన్నా బాట పాతది. ఆ సంగతి తెలియాలంటే మోలీసేలో సేపినో ఊరికి దిగువన ఉన్న అల్తీలియా చూడాలి. అది సేపీనుమ్ అనే రోమన్ పట్టణపు శిథిలం. పెస్కాసెరోలి బాట ఆ పట్టణంలోకి ఒక కోటగుమ్మం గుండా వచ్చి, రాళ్లు పరిచిన రాజవీధిగా మారి, అంగడివీధి పక్కనుంచి సాగి, ఎదుటి గుమ్మం గుండా మళ్లీ పచ్చికలో కలుస్తుంది. పట్టణం మధ్యలోంచి గొర్రెల బాట పోయిందనడం కన్నా, గొర్రెల బాట చుట్టూ పట్టణం లేచిందనడమే సరైనది. రోము పట్టు సడలాక పట్టణం పాడుబడింది, గొర్రెలు మాత్రం నడుస్తూనే వచ్చాయి. చాలాకాలం తర్వాత రైతులు పాత నాటకశాల అర్ధచంద్రపు గోడల మీదే, ఆ వంపు తప్పకుండా, రాతి ఇళ్లు కట్టుకున్నారు. ప్రేక్షకులు కూర్చున్న మెట్ల వెనుక ఇప్పుడు వంకర వరుసగా పెంకుటిళ్లు కనిపిస్తాయి. పాతదాన్ని పగలగొట్టకుండా, పూజించకుండా, దాని మీద ఆనుకుని బతకడం కూడా ఒక రకం గౌరవమే.

బొయానో వైపు గుమ్మం దగ్గర రాతి మీద ఒక శాసనం ఉంది. మార్కస్ అరేలియస్ చక్రవర్తి కాలం నాటిది, రమారమి క్రీ.శ. 170. అందులో ఉన్నది విజయగాథ కాదు, దానపత్రమూ కాదు. చక్రవర్తి మందలను తోలుకుపోయే కాపరులను ఈ పట్టణపు అధికారులు, కాపలా సైనికులు ఆపి, మీరు పారిపోయిన బానిసలు, మీ పశువులు దొంగిలించినవి అని వేధిస్తున్నారట. ఆ గొడవలో గొర్రెలు తప్పిపోతున్నాయట. ఫిర్యాదు పైకి వెళ్లింది. పై అధికారుల దగ్గర నుంచి హెచ్చరిక వచ్చింది. ఇకమీదట ఇలాంటివి మానండి, లేదంటే విచారణ జరుగుతుంది అని దాని సారాంశం. దాన్ని మందలు దాటే గుమ్మం దగ్గరే చెక్కించారు. సంచారిని చూడగానే దొంగ అని అనుమానించే అలవాటు అంత పాతది. ఆ అనుమానాన్ని తప్పు అని రాతి మీద రాయించిన రోజు కూడా అంతే పాతది. వేలకొద్దీ రోమన్ శాసనాల్లో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

సేపినోకు ఉత్తరాన, 966 మీటర్ల ఎత్తున, పియెత్రబ్బొందంతే ఉంది. రోముతో తరాల తరబడి పోరాడిన సామ్నైట్ జనం అక్కడ ఒక గుడి, దాని ముందు ఒక నాటకశాల కట్టుకున్నారు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం చివరి పని. ముందు వరుసల ఆసనాలకు రాతిలోనే చెక్కిన వీపులున్నాయి. ఒక్కటే రాయి, నడుము ఆన్చేచోట మెత్తగా వంగి ఉంటుంది. కూర్చుని చూడండి, చెక్కినవాడు మనిషి వెన్నును ఎంత బాగా ఎరుగునో తెలుస్తుంది. క్రీ.పూ. 91లో రోముతో మొదలైన యుద్ధంలో సామ్నైట్లు ఓడాక ఈ చోటు వెలవెలబోయింది. ఎదురుగా లోయ, వరుస కొండలు, గాలి.

దగ్గరలోని అన్యోనే పట్టణానికి గంటలు పోసే పేరుంది. మారినెల్లి వంశం వారి పోతశాల ప్రపంచంలోని అతి పాత పోతశాలల్లో ఒకటి. వారి వంశస్థుడు పోసిన గంటకు 1339 నాటి ఆధారం ఉంది. 1924లో పోపు తన చిహ్నాన్ని గంటల మీద వాడుకునే హక్కు వారికిచ్చాడు. ఇప్పటికీ పని పాత పద్ధతిలోనే. ఇటుకలతో లోపలి అచ్చు, దాని మీద మట్టితో గంట ఆకారం, ఆ మట్టి మీద మైనంతో అక్షరాలు, బొమ్మలు, పైన మళ్లీ మట్టి. ఆరాక మధ్య మట్టి తీసేస్తే మిగిలే సందులోకి కరిగిన కంచు పోస్తారు. అచ్చును గుంటలో పాతిపెట్టి, లోహం దిగుతున్నంతసేపూ మరియమాత ప్రార్థనలు చదువుతారు. డిసెంబరు 8న, మళ్లీ క్రిస్మస్ ముందు రాత్రి, ఇదే ఊళ్లో నల్లని కంబళ్లు కప్పుకున్న మగవాళ్లు ఫర్ చెట్టు చీలికలతో కట్టిన నిలువెత్తు కాగడాలను విసనకర్రలా పేర్చి భుజాన మోస్తూ వీధుల్లో నడుస్తారు. స్కాపోలి అనే మరో పల్లెలో కాపరులు వాయించే తోలుతిత్తి వాద్యం జంపోన్యాను చేసే పనివాళ్లున్నారు, దానికి ఒక ప్రదర్శనశాల కూడా ఉంది. క్రిస్మస్ ముందు రోజుల్లో కొండ కాపరులు రోము, నేపుల్స్ వీధుల దాకా వెళ్లి దాన్ని వాయించేవారు.

ఈ ప్రాంతపు తిండి కూడా నడకలోంచే వచ్చింది. కప్రకోత్త ఊళ్లో పెజ్జాతా అనే వంటకం ఉంది: గొర్రెమాంసం ముక్కలను పెద్ద రాగి కాగులో నీళ్లు, కొండమూలికలు వేసి గంటల తరబడి ఉడికిస్తారు. దారిలో కాలు విరిగిన గొర్రెను పారేయకుండా వండుకోవడంలో అది పుట్టిందని చెప్పుకుంటారు. కచొకవాల్లో జున్నును తాడుతో జంటలు జంటలుగా కట్టి కర్రకు అటొకటి ఇటొకటి వేలాడదీస్తారు. ఇవి తింటున్నప్పుడు నాకు ఇంట మిగిలిన ఆడవాళ్లు గుర్తొస్తారు. మగవాళ్లు శరత్తులో వెళితే వసంతం ముదిరాక గానీ రారు. మంచులో ఇల్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు, పొలం, అప్పు అన్నీ వాళ్ల మీదే. బాట గురించి రాసిన పుస్తకాల్లో నడిచినవాళ్ల మాటే ఎక్కువ. కొండ పల్లెల రాతి ఇళ్లు, వాటి మెట్లు, కట్టెల గదులు చూస్తే నిలబడినవాళ్ల కథ తెలుస్తుంది.

ప్రకృతి సంగతికి వస్తే, బాటే ఒక తోట. తరతరాలుగా నాగలి తగలని నేల అది. గొర్రెల ఉన్నిలో చిక్కుకున్న విత్తనాలు కొండ నుంచి మైదానానికి, మైదానం నుంచి కొండకు ప్రయాణం చేశాయి. మే నెలలో గడ్డి మధ్య అడవి ఆర్కిడ్లు పూస్తాయి. పెస్కాసెరోలి చుట్టూ వంద ఏళ్లు దాటిన జాతీయ వనం ఉంది; మరెక్కడా లేని మార్సికన్ గోధుమరంగు ఎలుగుబంట్లు అక్కడున్నాయి, మొత్తం యాభై అరవై ఉంటాయని అంచనా. తోడేళ్లూ ఉన్నాయి. అందుకే మందకు కాపలాగా పెద్ద తెల్ల కుక్కలుంటాయి. ఆ కుక్కలు తమ పని తాము చేస్తాయి కాబట్టి, మంద కనిపిస్తే నడిచేవాళ్లు దూరంగా చుట్టు తిరిగి పోవాలి, మధ్యలోంచి వెళ్లకూడదు.

ఈ కొండల్లోకి సుల్మోనా పట్టణం నుంచి 1897 నాటి రైలు మార్గం ఒకటుంది. దాని ఎత్తైన స్టేషన్ 1268 మీటర్ల మీద ఉంది. మామూలు బండ్లు 2011లో ఆగిపోయాయి; 2014 నుంచి యాత్రికుల కోసం పాత పెట్టెలతో బండ్లు వేస్తున్నారు. కిటికీలోంచి చూస్తే బాగుంటుంది. కానీ దిగి నడవాలి. బాటకు ఉన్న వెడల్పు కంటికి కాక కాళ్లకే అర్థమవుతుంది. మధ్యలో నడుస్తుంటే రెండు అంచులూ దూరంగా ఉంటాయి, తోవ చూపే గీత ఏదీ ఉండదు, ఎటు అడుగు వేసినా తప్పు కాదు.

లారీలు వచ్చాక మందలు నడవడం మానేశాయి. మైదానంలో మేత భూములు గోధుమ పొలాలయ్యాయి. బాటలో కొంత తారురోడ్డు కింద పోయింది, కొంత పొలాల్లో కలిసింది. 1976లో ఇటలీ ప్రభుత్వం మోలీసే బాటలను పురావస్తు సంపదగా ప్రకటించి రక్షణ కల్పించింది. 2019లో మందల కాలానుగుణ ప్రయాణాన్ని యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఈలోగా ఊళ్లు పలచబడ్డాయి. మోలీసే మొత్తం జనాభా ఇప్పుడు మూడు లక్షల లోపే. కొన్ని పల్లెల్లో తెరిచి ఉన్న తలుపుల కన్నా మూసినవే ఎక్కువ.

గుళ్లు, కోటలు, నాటకశాలలు మనిషి కట్టినవి. ఈ బాట మనిషి కట్టకుండా ఉండడం వల్ల మిగిలింది. తరం తర్వాత తరం, దున్నుకుంటే పండే నేలను చూసి కూడా, ఇది రేపు రాబోయే జీవాలది అని చేయి వెనక్కు తీసుకున్నారు. భయంతోనైనా, చట్టంతోనైనా, అలవాటుతోనైనా తీసుకున్నారు. ఆ నిగ్రహమే ఇక్కడ చూడవలసిన కట్టడమని నా నమ్మకం. దానికి మరమ్మతులు అక్కర్లేదు. రెండే కావాలి: ఎవరూ ఆక్రమించకూడదు, ఎవరో ఒకరు నడుస్తూ ఉండాలి. మొదటిది ఆ దేశపు చట్టం చూసుకోవాలి. రెండోది వెళ్లే మనలాంటి వాళ్ల వల్లే అవుతుంది. ఒక రాత్రి ఆ ఊళ్లలో బస చేసి, అక్కడి రొట్టె, జున్ను కొనుక్కుని, పగలంతా నడిస్తే చాలు. గొర్రెలు విడిచి వెళ్లిన వంతును మనం అందుకున్నట్టే.