తంగళ్ళపల్లికి వచ్చిన భీమండి మనుమడు

భీమండి పద్మనగర్‌లో సాయంత్రం బస్సెక్కాం. మహారాష్ట్ర అంతా చీకట్లోనే దాటిపోయింది. బస్సు నిండా మన నేతవాళ్ళే. నా మిత్రుడు తండ్రి దినాలకు పోతున్నాడు. చావుకు అందలేదు. పక్కన కాలేజీలో చదివే కొడుకు. వాడికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం మరాఠీలో వస్తుంది.

సిరిసిల్లలో దిగి మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మండల కేంద్రమైంది. వీధిలో సాంచాల చప్పుడు మనిషిని వదలదు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. సిరిసిల్ల, చుట్టుపక్కల ఊళ్ళలో కలిపి పాతిక వేలకు పైనే ఉన్నాయి. మేం పోయిన ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. ముందు గదిలో ఉన్న ఆరు సాంచాలూ ఆగి ఉన్నాయి. పడుగు చుట్టిన ఒక భీముకు సగం నేసిన పాలిస్టర్ గుడ్డ అట్లాగే ఉంది.

పెద్దాయన ఆసామి. యజమాని నూలూ భీములూ ఇస్తే తన సాంచాల మీద నేయించి మీటరుకింతని కూలి తీసుకునేవాడు. కరెంటు బిల్లు, సాంచాలు బాగుచేసే జాపరు ఖర్చు ఆయనవే. 2017లో ప్రభుత్వం బతుకమ్మ పండుగకు పంచే చీరల ఆర్డరు ఇచ్చింది. ఏటా దాదాపు కోటి చీరలు. భీమండి పోయినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. ఈయన కూడా అప్పు చేసి రెండు సాంచాలు కొన్నాడు. 2024లో ఆ చీరలు ఆగాయి. నేత కార్మికుల ఆత్మహత్యలు మళ్ళీ పత్రికల్లోకెక్కిన ఏడాది అది. ఈయన పోయింది గుండెపోటుతో. ఆయన భార్య బీడీల చాట ముందు కూర్చుని, ఆకు కత్తిరిస్తూనే చెప్పింది: "సప్పుడు లేకుంటే ఆయనకు నిద్ర పట్టది బిడ్డా. ఆర్నెల్లు నిద్రలేదు."

మర్నాడు పొద్దున మానేరు ఒడ్డున పక్షికి పెట్టారు. అన్నం, యాట కూర, సీసాలో కల్లు, ఒక బీడీ కట్ట. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరం జరిగాం. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగడం లేదు. చచ్చినాయనకు ఏదో కోరిక మిగిలిందని అందరి నమ్మకం. ఆ కోరికేదో తీరుస్తామని ఒక్కొక్కరూ బయటికి చెప్పాలి.

చిన్నకొడుకు, అంటే నా మిత్రుడు, ముందుగా అన్నాడు: "సాంచాలమ్మం బాపూ, ముట్టు."

పెద్దకొడుకు తల తిప్పాడు. "ఎవలు నడుపుతరు? నువ్వా? ముప్పై ఏండ్లాయె నువ్వు పోయి. పాత ఇనుపోడు రేపొస్తుండు. అప్పు కడతం బాపూ, నీ పేరు మీద రూపాయి ఉంచం."

"నా పైసలతోటి గూడ కొన్నడు గవి."

"పైసలు పంపినవ్. దవాఖానకు ఎవలు తీస్కపోయిండ్రు?"

ఆడవాళ్ళ ఏడుపు మధ్యలో ఈ మాటలు ఎండలో చాలాసేపు నడిచాయి. చచ్చినాయన విస్తరి ముందే అన్నదమ్ములు లెక్కలు తీయడం నాకు కష్టమనిపించింది. కానీ ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. ఈలోగా వాళ్ళవ్వ లేచి, "నీ మనుమన్ని పరాయోన్ని చెయ్యం, ముట్టు" అంది. అదే క్షణంలో పెద్దకొడుకు కూడా ఏదో అంటున్నాడు. కాకి దిగి మాంసం ముక్క ఎత్తుకుంది. ఎవరి మాటకు దిగిందో ఎవరికి వాళ్ళే చెప్పుకున్నారు.

అవ్వ ఆ మాట ఎందుకందో సాయంత్రం తెలిసింది. పిల్లవాడికి ఇక్కడ కులపత్రం రావాలంటే తాత కులపత్రం కావాలి. మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన తరగతి కింద ఉన్నారు. కానీ ఆ రిజర్వేషను దక్కాలంటే కుటుంబం 1967 అక్టోబరు 13 కంటే ముందు నుంచే ఆ రాష్ట్రంలో ఉండాలి. మిత్రుడు భీమండి పోయింది 1991లో. తెలంగాణలో ఇదే కులం బీసీ-బి. ఇక్కడ ఉద్యోగాలకు లోకల్ కావాలంటే 1 నుంచి 7వ తరగతి లోపు నాలుగేళ్ళు ఇక్కడ చదివి ఉండాలి. వాడు చదివిందంతా భీమండిలో. ముప్పై ఏళ్ళు ఆ ఊరికి గుడ్డ నేసినవాడి కొడుకును ఏ రాష్ట్రమూ తనవాడని అనకపోవడం అన్యాయం. ఎంత ఆలోచించినా నాకు మరో మాట తట్టలేదు.

ఉన్న ఒక్క కులపత్రమూ పెద్దకొడుకు బీరువాలో ఉంది. ఇస్తే రేపు ఇంట్లో వాటా అడుగుతారని ఆయన భయం. ఆ భయాన్ని తమ్ముడి ముందు పైకి అనడు.

ఆ పూట పిల్లవాణ్ణి తీసుకుని బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు దాకా నడిచాను. అక్కడ టీకొట్టు దగ్గర బిహార్ నుంచి వచ్చిన కార్మికుడొకడు కలిశాడు. పిల్లవాడూ అతనూ హిందీలో పికుల (అడ్డపోగుల) గురించి, తెగే పోగుల గురించి, పన్నెండు గంటల డ్యూటీ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. వచ్చినప్పటి నుంచి వాడు అంత హాయిగా మాట్లాడటం అదే మొదటిసారి. "ఇంటికెప్పుడు పోతావ్?" అని వాడడిగితే ఆ బిహారీ నవ్వి, చెల్లి పెళ్ళికి అన్నాడు.

తర్వాతి రెండు రోజులూ చుట్టాల రాకపోకలతో గడిచాయి. సోమవారం పొద్దున అవ్వ ఎవరినీ అడగకుండా బీరువా తాళం తీసి, కాగితం మనుమడి చేతిలో పెట్టింది. పెద్దకొడుకు చూశాడు, ఏమీ అనలేదు. కాసేపటికి బండి బయటికి తీసి, "ఎక్కురా, పెద్దబాపు లేకుంటే ఆఫీసుల నీ మాట ఎవనికి సమజైతది?" అన్నాడు. ఇద్దరూ తహసీల్దారు ఆఫీసుకు పోయారు. సాంచాల సంగతి తేలలేదు. పాత ఇనుప సామాను కొనేవాడు వాకిట్లో కాంటాతో కూర్చునే ఉన్నాడు. నేను వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాను.