తోడునీడ అంటే ఎంత పని?

పీవీ నరసింహారావు గారిది ఏ ఊరంటే మా ఓరుగల్లు వాళ్లం రెండు పేర్లు చెబుతాం. 1921 జూన్ 28న పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. దత్తత పోయి పెరిగింది వంగరలో. ఆయన చుట్టూ ఉన్నవాళ్ల గురించి కూడా మాకు బాగానే తెలుసు. లా ప్రాక్టీసులో గురువు బూర్గుల రామకృష్ణారావు గారు, రాజకీయాల్లో స్వామి రామానంద తీర్థ. ఇక్కడే వరంగల్‌లో కాకతీయ పత్రిక నడిపిన జోడీ పాములపర్తి సదాశివరావు గారు. సాహిత్యం అనగానే కాళోజీ. అందరూ మగవాళ్లే, అందరూ గొప్పవాళ్లే.

మరి వంగరలో ఇల్లు నడిపిందెవరు? సత్యమ్మ గారు. పిల్లలు ఎనిమిది మంది, ముగ్గురు కొడుకులు, అయిదుగురు కూతుళ్లు. ఆయన ఉద్యమమనీ, అసెంబ్లీ అనీ ఊళ్లు తిరుగుతుంటే ఊళ్లో ఇల్లూ వ్యవసాయమూ చూసుకున్నది ఆమే. 1970లో ఆమె పోయారు. ఆ మరుసటి ఏడాది, 1971 సెప్టెంబర్‌లో, ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1991లో ప్రధాని అయ్యారు. ఆయన ఎదుగుదల ఆమె చూడనే లేదు.

ఇలాంటి కథే ఇంకొకటి ఉందండీ, ఇంగ్లండులో. 1908 నుంచి 1916 దాకా అక్కడ ప్రధానిగా ఉన్న ఆస్క్విత్ మొదటి భార్య పేరు హెలెన్. అయిదుగురు పిల్లల్ని కని, 1891లో టైఫాయిడ్‌తో పోయింది. మరుసటి ఏడాదే ఆయన హోం మంత్రి అయ్యాడు. 1894లో మార్గొట్‌ను రెండో పెళ్లి చేసుకున్నాడు. ఈ మార్గొట్ మాటకారి. విందులు, వచ్చేపోయే మంత్రులు, అన్నీ డైరీలో రాసుకుంది, ఆత్మకథ కూడా వేసుకుంది. హెలెన్ కూతురు వయొలెట్ నాన్నకు రాజకీయాల్లో కుడిభుజం. ఇక ఆస్క్విత్ అయితే ఆ వయొలెట్ స్నేహితురాలు వెనీషియాకే అయిదు వందల పైన ఉత్తరాలు రాశాడు, యుద్ధం సంగతులతో సహా. ఆమె 1915లో ఆయన మంత్రివర్గంలోని మాంటేగునే పెళ్లి చేసుకుంది. మన స్కూలు పుస్తకాల్లో మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలని చదువుకున్నామే, ఆ మాంటేగే!

ఇన్ని డైరీలు, ఇన్ని ఉత్తరాలు ఉన్న ఇంట్లో కూడా హెలెన్ గొంతు మాత్రం సన్నగానే వినిపిస్తుంది. పేరొచ్చాక ఇంట్లో ఉన్నవాళ్లు చరిత్రలోకి ఎక్కారు. పేరు రాకముందు పొయ్యి దగ్గర కూర్చున్నావిడ వెనకబడిపోయింది. మన సత్యమ్మ గారి విషయమూ అంతే. కొడుకుల్లో రంగారావు గారు రాష్ట్ర మంత్రి అయ్యారు, రాజేశ్వరరావు గారు ఎంపీ అయ్యారు, కూతురు వాణీదేవి గారు 2021లో ఎమ్మెల్సీ అయ్యారు. వీళ్లందరి గురించీ పేపర్లలో చదివాం. వీళ్లను కన్నతల్లి గురించి ఎంత చదివాం?

నాకు ఇదంతా ఇప్పుడెందుకు పట్టిందంటే, మా మామయ్య హన్మకొండ దగ్గర మా ఊరికి రెండుసార్లు సర్పంచ్. ఆయన పదో వర్ధంతికి మా వారూ, మా మరుదులూ కలిసి చిన్న పుస్తకం వేయిస్తున్నారు. 48 పేజీలు. నాయకులతో ఫోటోలు, వేయించిన రోడ్లు, తవ్వించిన బోర్లు అన్నీ ఉన్నాయి. అత్తమ్మ గురించి ఒకే వాక్యం: ఆయనకు తోడునీడగా నిలిచారు.

అత్తమ్మకు 82. ఈ మధ్య పేర్లు మరిచిపోతోంది. పొద్దున తిన్నది గుర్తుండదు, పాతవి మాత్రం గడగడా చెబుతుంది. డాక్టరు గారు అవి కూడా మెల్లగా పోతాయన్నారు. అందుకే నేను మధ్యాహ్నాలు పక్కన కూర్చుని నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను.

1984 ఎన్నికలు అడిగాను. హన్మకొండలో పీవీ గారు చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయిన ఎన్నిక అది. దేశమంతటా బీజేపీకి వచ్చిన రెండు సీట్లలో ఒకటి మనదే. ఊళ్లో పెద్దమనుషులంతా దాని గురించి ఇప్పటికీ గంటలు గంటలు మాట్లాడతారు. అత్తమ్మ మాత్రం, "ఎవలు గెలిస్తే నాకేందే బిడ్డా. ఆ చలిల తెల్లారక ముందే లేచి ముప్పై మందికి వండిన. మీ మామ ఎంతమందిని తోలుకొస్తడో చెప్పేటోడు కాదు. బియ్యం అయిపోతే ఎనక దర్వాజ నుంచి పోయి అడుక్కొచ్చిన. ఆయనకు ఇప్పటికీ ఎర్క లేదు" అంది. ఇప్పటికీ అంటే, మామయ్య పోయాడని ఆ క్షణానికి గుర్తులేదు.

ఇది పుస్తకంలో పెడదామంటే మా వారు, "ఇంటి విషయాలు అందులో ఎందుకు?" అన్నారు. ఇంట్లో బియ్యం లేవని బయటపడితే నాన్న పరువు తక్కువవుతుందని ఆయన బాధ. కాదన్నాను. ముప్పై మంది కడుపు నిండి లేచారంటేనే మామయ్య మాటకు విలువ వచ్చింది, అది కూడా ఊరి చరిత్రే కదా అన్నాను. రెండు రోజులు ఇంట్లో మాటలు తక్కువయ్యాయి.

ఇక్కడ నాకు బలం ఇచ్చింది కూడా పీవీ గారే. విశ్వనాథ వారి వేయిపడగలను ఆయన హిందీలోకి అనువదించారని అందరికీ తెలుసు. కానీ హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగు చేసింది కూడా ఆయనే. నాలుగు గోడల మధ్య బతికిన ఒక ఇల్లాలు తన కథ తనే చెప్పుకునే నవల అది. మరాఠీ పేరుకు అర్థం, కానీ పట్టించుకునేదెవరు అని. ఒక ప్రధాని తీరిక చేసుకుని తెలుగు చేయదగ్గ కథ మన ఇంట్లోనే ఉంటే రెండు పేజీలు ఇవ్వలేమా అని అడిగాను.

రెండు కాదు, నాలుగు ఇచ్చారు. ఫోటో కోసం వెతికితే అత్తమ్మది విడిగా ఒక్కటీ దొరకలేదు. ఉన్నవన్నీ మామయ్య వెనకాల, సగం ముఖంతో. నిన్న పెరట్లో కుర్చీ వేసి మా అమ్మాయి కొత్తగా తీసింది. "ఎందుకే నాకు ఫోటో?" అంటూనే కొంగు సర్దుకుంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దవాళ్లుంటే, పండుగ దాకా ఆగకుండా ఈ వారమే పక్కన కూర్చోండి. ఏం సాధించావని అడగకండి, చెప్పలేరు. ఎంతమందికి వండావని అడగండి.