చివరిదాకా ఆడారా?

పిల్లలూ! కిందటేడు మా పక్క ఊరి బడిలో, కొత్త ఆట తయారుచేసే పోటీ పెట్టారు. అట్టమీద గళ్లు గీసి, గవ్వలో చింతపిక్కలో కాయలుగా పెట్టి, నియమాలు కూడా పిల్లలే కల్పించాలి. 24 ఆటలు వచ్చాయి. తీర్పు చెప్పటానికి నన్నూ, ఒక లెక్కల మాస్టారినీ పిలిచారు. ఇద్దరం చెరి 12 పంచుకుని, నూటికి ఇన్ని అని మార్కులు వేశాం. ఒక్క పూటలో పని ముగిసింది. బహుమతులు కూడా ఇచ్చేశారు.

నేను బయలుదేరబోతూంటే ఆరో తరగతి కుర్రవాడొకడు వచ్చి, "తాతగారూ, నా ఆట చివరిదాకా ఆడారా?" అని అడిగాడు.

నేను ఆడలేదు. గళ్లు వంకరగా ఉన్నాయని నాలుగు ఎత్తులు వేసి, 40 మార్కులిచ్చి పక్కన పెట్టాను. అబద్ధమాడటానికి నోరు రాలేదు. "లేదు నాయనా," అన్నాను. వాడు తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మార్కుల కాగితం తీసి చూస్తే మరో తప్పు బయటపడింది. మాస్టారిది ధారాళమైన చెయ్యి. ఆయన 60కి తక్కువ వెయ్యలేదు. నాది పిసినారి చెయ్యి. నేను 65 దాటలేదు. మూడు బహుమతులూ ఆయన వాటాకే పోయాయి! ఆట ఎలా ఉన్నదని కాక, అది ఎవరి చేతిలో పడిందన్నదే తీర్పయింది గదా!

మర్నాడే వెళ్లి ఆ కుర్రవాడితో ఆడాను. ఒక నక్క, ఆరు కోళ్లు. పక్షాలు మార్చి మార్చి ఆరుసార్లు ఆడాం. ఎవరు నక్కయితే వాళ్లే గెలిచారు. మన పులి-మేక ఆట చూడండి: 3 పులులకు 15 మేకలు. మేకలు చంపలేవు, కాని చుట్టుముట్టి పులులను కట్టెయ్యగలవు. అందుకే ఎవరైనా గెలవవచ్చు. ఈ మాట చెప్పగానే వాడు రెండు కోళ్లు కలిపాడు. ఆట బిగిసింది! "ఇది నిన్ననే చెబితే బాగుండేది గదా, తాతగారూ!" అన్నాడు.

జర్మనీలో 1979 నుంచి ఏటా ఒక మంచి ఆటకు "ఈ యేటి ఆట" అని బిరుదు ఇస్తున్నారు. తీర్పరులు ఆటలు ఆడి, వాటి గుణదోషాలు రాసే విమర్శకులు. ఆటలు తయారుచేసేవారికి అందులో చోటు లేదు.

ఈ ఏడు మేమూ పద్ధతి మార్చాం. అట్టమీద పేరు లేదు, అంకె మాత్రమే. తయారుచేసినవాడు పక్కన నిలబడి చెప్పకూడదు; రాసిన నియమాలు చదివే ఆడాలి. ప్రతి ఆటా ఇద్దరమూ పక్షాలు మార్చి చివరిదాకా ఆడాం. మార్కులకు బదులు, ఎవరికి వారు ఆటలను 1, 2, 3 అని వరసలో పెట్టాం. అప్పుడు ధారాళమైన చెయ్యీ, పిసినారి చెయ్యీ ఒకటే అవుతాయి. రెండు ఆదివారాలు పట్టింది, పట్టనీ!

ప్రతివారికీ ఒక చీటీ ఇచ్చాం: ఇందులో బాగున్నది ఇది, దిద్దుకోవలసింది ఇది అని. ఆ కుర్రవాడికి ఈసారీ బహుమతి రాలేదు. కాని చీటీ రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "వచ్చే ఏడు చూడండి, తాతగారూ!" అంటూ పరుగెత్తాడు.