మా వరండాలో మొక్క

నగరంలో మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. ఇంత పచ్చదనం ఉండగా ఇంట్లో మళ్ళీ మొక్కెందుకని నేనే అనేదాన్ని. మావారు 2015లో రాజమండ్రి నుంచి వస్తూ కడియపులంక నర్సరీలో స్నేక్ ప్లాంటు కొని తెచ్చారు. కత్తుల్లా నిటారుగా ఆకులు, అంచున పసుపు గీత. "దీనికి చాకిరీ అక్కర్లేదు, మర్చిపోయినా బతుకుతుంది" అన్నారు.

నిజమే. వేసవిలో రెండు వారాలకొక గ్లాసు, వానాకాలంలో నెలకొకసారి నీళ్ళు. అంతే. ఆయన 2021లో ప్రభువునందు నిద్రించారు. అప్పటి నుంచి అది ఆయన మొక్క అయిపోయింది.

2023లో అమ్మాయి కాన్పుకని రెండు నెలలు వెళ్ళి వచ్చేసరికి ఆకులు మొదట్లో మెత్తబడి వాలిపోయాయి, మట్టి కుళ్ళువాసన. అత్తయ్యగారు రోజూ ఉదయ ప్రార్థన కాగానే చెంబుడు నీళ్ళు పోశారట. "చంపేశారు కదండీ" అని నోరు జారాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నా బిడ్డ తెచ్చింది, ఎండిపోకూడదనుకున్నానమ్మా" అన్నారు.

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. తెల్లారి మట్టి తిరగేస్తే తెలిసింది, డబ్బాకు అడుగున చిల్లే లేదు. పాత రంగుల డబ్బాలో దాన్ని నాటింది నేనే.

ఇది పశ్చిమ ఆఫ్రికా మొక్క. ఆకుల్లో, మట్టిలోని దుంపలో నీరు దాచుకుంటుంది. మన ఒండ్రుమట్టి ఒక పట్టాన ఆరదు. వేళ్ళకు గాలి ఆడక కుళ్ళిపోతాయి. ఎండి చచ్చే మొక్క కాదిది, తడిసి చస్తుంది.

గట్టిగా ఉన్న ఆకులు రెండే దొరికాయి. నాలుగంగుళాల ముక్కలు కోసి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, కింది వైపు కిందికే ఉండేలా ఇసుకలో గుచ్చాను. తలకిందులైతే వేరు పట్టదు. నెలలు పట్టింది. చివరికి పిలకలొచ్చాయి గాని వాటికి పసుపు గీత లేదు, ఉత్త ఆకుపచ్చే. ఆకు ముక్కతో పెంచితే ఆ గీత రాదని, దుంప విడదీసి నాటితేనే వస్తుందని నర్సరీ అతను చెప్పాడు. దుంప ఎప్పుడో కుళ్ళిపోయింది. కాసేపు ఏడ్చాను.

ఇప్పుడవి చిల్లున్న మట్టికుండీలో, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన మట్టిలో ఉన్నాయి. మనవడు వచ్చినప్పుడు మాత్రం కుండీని ఎత్తుగా బల్ల మీద పెడతాం. ఆ ఆకు నమిలితే పిల్లలకు వాంతులవుతాయి, మేకలకూ మంచిది కాదు.

ఆదివారం గుడి నుంచి రాగానే అత్తయ్యగారు మట్టిలో వేలు రెండంగుళాలు దించి చూస్తారు.

"అమ్మాయ్, ఇంకా తడిగానే ఉంది. వచ్చే వారం పోద్దాంలే."