మానేసిన రోజు కూడా కాగితం మీద ఉండాల

మా వైపు జీతగాడు ఉగాదికి మానేస్తే నలుగురి ముందు లెక్క చూసుకుంటే సరిపోద్ది. కంపెనీల్లో నోటిమాట చెల్లదు.

మా తమ్ముడు ఒక విత్తనాల ప్లాంటులో ఏడేళ్లు చేశాడు. నాయనకు ఒంట్లో బాగాలేక, సూపర్‌వైజరుకు ఫోన్లో చెప్పి పొలానికి వచ్చేశాడు. పీఎఫ్ డబ్బుతో బోరు వేద్దామని చూస్తే 'డేట్ ఆఫ్ ఎగ్జిట్' ఖాళీ. అంటే లెక్కల్లో వాడింకా డ్యూటీలోనే ఉన్నాడు! కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తరు.

దీనికి దారి ఉంది. చివరి పీఎఫ్ జమ అయ్యి రెండు నెలలు దాటితే ఆ తేదీ మనమే పెట్టుకోవచ్చు. యూఏఎన్ పోర్టల్లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కితే ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ వస్తది. తేదీ మాత్రం ఒకటికి రెండుసార్లు చూసి పెట్టండి.

ఇంకోటి గ్రాట్యుటీ. పదిమంది పనిచేసే చోట ఐదేళ్లు నిండితే, మనంతట మనం మానేసినా అది మన హక్కే. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి 15తో గుణించండి. 15,600 అయితే ఏడాదికి 9,000. ఏడేళ్లకు 63,000! చిన్న మొత్తమా చెప్పండి?

అందుకే రాజీనామా రాసే ఇవ్వండి. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. రిలీవింగ్ లెటరు, చివరి పేస్లిప్పు తీసుకునే గేటు దాటండి.

సెంటు భూమి కొన్నా దస్తావేజు అడుగుతాం. ఏడేళ్ల చాకిరీకి అడగొద్దా? మీ ఊరికి తిరిగొచ్చిన పిల్లలుంటే ఈ పోస్టు చూపించండి.