జానెడు ఇంజను, తాత ఆకురాయి

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళల్లో ఇనుముతో పొత్తు లేని ఇల్లు తక్కువ. 1937లో జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు కలిసి ఎలెక్ట్రిక్ మోటారు తయారుచేసింది ఇక్కడే. మా తాతది అంత పెద్ద కథ కాదు. పంపుల ఫౌండ్రీలో అచ్చులు చేసి, తరవాత సొంతంగా లేత్ పట్టడ పెట్టుకున్నాడు. నాలుగేళ్ళ కిందట దాన్ని అమ్మేశాం. ఒక చిన్న లేత్ మాత్రం పెరట్లో పెట్టుకున్నాం. తాత దాని దగ్గరికి పోనేలేదు.

పోయిన వేసవిలో అన్నదమ్ములం ఇద్దరం కలిసి ఇంగ్లండు నుంచి స్టువర్ట్ 10వి ఆవిరి ఇంజను కిట్ తెప్పించుకున్నాం. మొదటిసారి చేసేవాళ్ళు చాలామంది దీంతోనే మొదలుపెడతారు. సిలిండరు బోరు ముప్పాతిక అంగుళం, పిస్టను నడకా అంతే, ఫ్లైవీలు మూడంగుళాలు. కిట్ అంటే బిగించేస్తే అయిపోతుందనుకున్నాం. పెట్టె తెరిస్తే గరుకు పోతలు, కమ్మీలు, డ్రాయింగు! చదును చెయ్యడం, బోరు కొట్టడం, మర కొయ్యడం అంతా మన పనే.

దాని మరలు పాత బ్రిటిషు బి.ఏ. కొలతవి. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలైతే వీటిది 47.5. సన్న ట్యాపులు. మూడోవారంలో సిలిండరు చిల్లిలో ఒకటి టక్కుమని విరిగింది. వసారాలో కూర్చున్న తాతకి ఆ చప్పుడు వినబడింది. లేచి వచ్చాడు.

"వెనక్కి తిప్పకుండా ఎంత దూరం పోయినారురా?"

అర చుట్టు ముందుకి పోతే కాస్త వెనక్కి తిప్పాల, రజను తెగి పడాల. మేము తొందరపడ్డాం. సన్న పంచీతో వెనక్కి వెనక్కి తడుతూ రెండు సాయంత్రాలకి ఆ ముక్క బయటికి తీశాడు తాత. మధ్యలో "ఆకురాయి ఇట్లా తే" అన్నాడు. మాలో చిన్నవాడు దిక్కులు చూశాడు. వాడికి అది 'అరం' అని తమిళంలోనే తెలుసు. నిజానికి ఇద్దరికీ అంతే.

తాత కోప్పడలేదు. "పట్టడలో పిల్లోళ్ళంతా తమిళమే. నేనూ అదే మాట్లాడితిని. మీ నాయనకే చెప్పలేదు, మీకెవరు చెప్తారు?" అన్నాడు. ఆ పూట గోడ మీద సుద్దతో రాసుకున్నాం: ఆకురాయి, పటకారు, పోత, రజను. తమిళ అక్షరాల్లోనే. అప్పటికి మాకు వచ్చినవి అవే.

అంతా బిగించాక కంప్రెసరు గాలి పెట్టాం. అర చుట్టు తిరిగి ఆగింది. మళ్ళీ అంతే. తాత ఫ్లైవీలు మీద వేలు పెట్టి మెల్లిగా తిప్పి చూశాడు. "ఒక పక్కే ఊపిరి పోతా ఉండాది" అన్నాడు. మూత విప్పి చూస్తే నిజమే. జారుడు వాల్వు పిస్టనుకి ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి దారి ఇవ్వాలి. మేము పెట్టిన తీరుకి పైదారి బాగా తెరుచుకుంటోంది, కిందది సందు మాత్రమే. వాల్వు కమ్మీ మీది నట్టు కాస్త కాస్తగా తిప్పి రెండు దారులూ సమంగా తెరుచుకునేలా చేశాం. మూత బిగించి గాలి వదిలాం.

తిరిగింది. కుట్టుమిషను లాగా టకటకా తిరిగింది. తాత గాలి తగ్గించమన్నాడు, ఇంకా తగ్గించమన్నాడు. "మెల్లిగా తిరిగితేనే పనితనం తెలుస్తాది."

ఇప్పుడు అవ్వకి ఒకటే బాధ: పిలిస్తే అన్నానికి రాడు, పెరట్లోనే ఉంటాడు. గోడ మీద మాటలు పద్దెనిమిదైనాయి. చివరి నాలుగూ తెలుగు అక్షరాల్లో రాశాం, వంకర టింకరగా.

మీ ఇంట్లోనూ పనిముట్లు పట్టిన చేతులు ఉంటే, వాటిని ఏమనేవాళ్ళో ఇప్పుడే అడగండి. అడగడానికి ఏదో ఒకటి విరిగేదాకా ఆగొద్దు.